బొట్టు, దీక్ష, స్కార్ఫు: కౌంటర్ వెనక నిలబడేవాళ్ళ నమ్మకాలు

విజయవాడలో నేను ఫ్లోర్ సూపర్‌వైజరుగా పని చేసిన చీరల షోరూములో ఆడపిల్లలు యూనిఫాం చీర కట్టుకోవడానికి ఒక చిన్న గది ఉండేది. ఆ గదిలోని అద్దం అంచు పొడవునా ఎర్ర స్టిక్కర్ బొట్లు వరసగా అతికించి ఉండేవి. చేరిన కొత్తలో, ఎవరో వాడేసినవి అక్కడే అంటించి పోతున్నారనుకుని, వాటిని గోకి తీయించాలనుకున్నాను. ఒక రాత్రి షట్టర్ దించే వేళకు అక్కడికి వెళ్ళేసరికి, చీర మార్చుకుని ఇంటికి బయలుదేరుతున్న ఒక అమ్మాయి తన నుదుటి మీది బొట్టును గోటితో జాగ్రత్తగా తీసి, అద్దం అంచున తనకు అలవాటైన చోట అతికించింది. నన్ను చూసి, "రేపటికి పనికొస్తుంది మేడం" అంది. వాళ్ళది కృష్ణ అవతల ఒక పల్లె, ఇంటిల్లిపాదీ చర్చికి వెళ్ళేవాళ్ళు. బొట్టుతో బస్సు దిగితే ఇంట్లో నాన్న బాధపడతాడు, బొట్టు లేకుండా ఫ్లోర్ మీదికి వస్తే నేను ఊరుకోను. ఈ రెండిటి మధ్య ఆ అమ్మాయి వెతుక్కున్న దారి ఆ అద్దం అంచు.

ఊరుకోని మనిషిని నేనే, ఎందుకంటే ఉదయాన్నే చెక్‌లిస్టు పట్టుకుని పిల్లల్ని వరసగా నిలబెట్టి చూసే పని నాది. ముడి, పూలు, గాజులు, బొట్టు, పేరున్న బ్యాడ్జి, ఈ అయిదింటికీ టిక్కు పడాలి, ఏది తక్కువైనా ఆ పూట కౌంటర్ ఇవ్వకూడదు. ఆ తరువాత గల్లాపెట్టె దగ్గర పూజ జరిగేది, హారతి పళ్ళెం అందరి ముందుకీ వచ్చేది, సిబ్బంది అంతా కళ్ళకద్దుకోవాలి. "ఇది మతం కాదమ్మా, సంప్రదాయం. చీరల కొట్టు అన్నాక ఆడపిల్ల నిండుగా కనిపించాలి" అనేవారు మా యజమాని. ఆయన చెడ్డవారు కారు, తన దగ్గర పని చేసే పిల్లల పెళ్ళిళ్ళకు చీర, పసుపు కుంకుమ పెట్టి పంపిన మనిషి. ఆ మాట అప్పట్లో నాకూ సబబుగానే తోచింది, ఎందుకంటే నేను చిన్నప్పటి నుంచి బొట్టు పెట్టుకుంటూనే ఉన్నాను, దాన్ని ఎవరో నా మీద పెట్టిన షరతుగా ఊహించుకోవలసిన అవసరం నాకు ఏనాడూ రాలేదు.

అదే కొట్టులో కార్తీకమాసం రాగానే జరిగేది వేరుగా ఉండేది. మా క్యాషియరు ఏటా అయ్యప్ప మాల వేసుకునేవారు. ఆ నలభై ఒక్క రోజులూ ఆయనకు యూనిఫాం లేదు, నల్ల బట్టలే. షూ లేదు, గ్రానైట్ ఫ్లోర్ మీద ఉత్త కాళ్ళతోనే తిరిగేవారు. మిగతా మగపిల్లలు గడ్డం తీయించుకుని రాకపోతే జీతంలో కోత పడే కొట్టులో ఆయన గడ్డం పెరుగుతూనే ఉండేది. మధ్యాహ్నం భిక్షకు వెళ్ళి వచ్చేందుకు గంటన్నర సమయం ఇచ్చేవాళ్ళు, సాయంత్రం పూజ వేళకు క్యాష్ కౌంటర్లో యజమానిగారి అబ్బాయే స్వయంగా కూర్చునేవాడు, ఇరుముడి కట్టుకుని శబరిమల వెళ్ళి వచ్చేదాకా సెలవు. కస్టమర్లు ఏమైనా అనుకున్నారా అంటే, బిల్లు దగ్గర బేరమాడేవాళ్ళు కూడా "స్వామీ, కొంచెం తగ్గించండి" అని మర్యాదగా అడిగేవారు. భవానీ మాల వేసుకుని ఎర్ర బట్టలతో వచ్చే గోడౌన్ కుర్రాళ్ళకూ ఇదే వెసులుబాటు. వ్యాపారానికి ఒక్క రూపాయి నష్టం రాలేదు, కొంపలేమీ మునగలేదు.

నేను దీన్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మనసుకు పవిత్రమైన ఒక నియమం పెట్టుకున్న మనిషి చేత ఆ నియమం తప్పించకుండా పని చేయించుకోవడం ఎలాగో మన కొట్లకు, మన బ్యాంకులకు, మన ఆర్టీసీ డిపోలకు ఎవరూ నేర్పనవసరం లేదని, అది మనకు ఎప్పటి నుంచో వచ్చిన విద్యేనని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను. నా బాధ ఏమిటంటే, ఆ విద్యను మనం కొందరికే ఉపయోగిస్తున్నాం, అది కూడా దయగా. యజమాని ఏ దేవుణ్ణి కొలుస్తాడో ఆ దేవుడి భక్తులకు దొరికే సర్దుబాటు, పక్క కౌంటర్‌లోని మనిషికి దొరకదు. రేపు కొట్టు చేతులు మారితే ఈ స్వామికీ దొరకకపోవచ్చు. కస్టమర్లతో నేరుగా పని చేసే ఉద్యోగాలలో సిబ్బంది మతవిశ్వాసాలకు చోటివ్వడం దయ మీద కాకుండా, అందరికీ ఒకే కొలతతో, కాగితం మీద రాసిన నియమంగా ఉండాలన్నదే నా వాదన.

నేను చేసిన తప్పు ఒకటి చెబితేగానీ ఈ వాదనకు అర్థం ఉండదు. పెళ్ళిళ్ళ సీజన్‌కు ముందు సేల్స్ పిల్లలను తీసుకుంటున్నప్పుడు తలకు స్కార్ఫు కట్టుకున్న ఒక అమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. అంతకు ముందు వన్‌టౌన్‌లో డ్రెస్ మెటీరియల్ కొట్టులో రెండేళ్ళు చేసింది, జరీ చూసి ఏది అసలు వెండి జరీయో, ఏది రాగి తీగకు పూత వేసిన టెస్టెడ్ జరీయో చెప్పగలదు, తెలుగూ ఉర్దూ హిందీ మూడూ గలగలా మాట్లాడుతుంది. అలాంటి పిల్ల దొరకడం అదృష్టం. నేను ఆమెను తీసుకున్నాను, కానీ కౌంటర్‌కు కాదు, పై అంతస్తులో ఫాల్స్, పికో కుట్టే సెక్షన్‌కు. "నీకు ఇబ్బంది లేకుండా ఉంటుందమ్మా" అని చెప్పాను. నిజానికి ఇబ్బంది ఆమెది కాదు, కస్టమర్లు ఏమనుకుంటారో అన్న భయం నాది. ఆ భయం ఖరీదు మాత్రం ఆమె కట్టింది. మా కొట్టులో అమ్మిన చీర మీద పిల్లలకు ఇన్‌సెంటివ్ ఉండేది, పట్టుచీరల కౌంటర్లో చురుకైన పిల్లకు సీజన్‌లో జీతంతో సమానంగా కూడా వచ్చేది. పై అంతస్తులో కుట్టుకు ఇన్‌సెంటివ్ లేదు. ఏడాదిలోపే ఆమె మానేసింది. మానేస్తున్నట్టు చెప్పడానికి వచ్చినప్పుడు కూడా నన్ను ఒక్క మాట అనలేదు, బ్యాడ్జి టేబుల్ మీద పెట్టి "వెళ్ళొస్తాను మేడం" అంది. ఆ బ్యాడ్జి మీద ఆమె పేరు రాయించిందీ నేనే, దాన్ని ఒక్క కస్టమరు కూడా చదవకుండా చేసిందీ నేనే.

ఆ తరువాత చాలా కాలానికి, సిబ్బందికి శిక్షణ ఇచ్చే పనిలోకి మారి ఇలాంటి వ్యవహారాల గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు, అమెరికాలో దాదాపు ఇదే ఉదంతం సుప్రీంకోర్టు దాకా వెళ్ళిందని తెలిసింది. 2008లో ఒక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో సమంతా ఎలాఫ్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్ దుస్తుల దుకాణంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఇంటర్వ్యూ చేసిన అసిస్టెంట్ మేనేజరు ఆమెకు ఉద్యోగానికి సరిపడా మార్కులు వేసింది. తలకున్న స్కార్ఫు విషయం పై మేనేజరును అడిగితే, సిబ్బంది ఎలా కనిపించాలో చెప్పే తమ 'లుక్ పాలసీ' టోపీలనూ తలకట్లనూ ఒప్పుకోదని ఆయన అన్నాడు, ఉద్యోగం రాలేదు. తనకు మినహాయింపు కావాలని ఆ అమ్మాయి అడగలేదు కదా, అడగనిదాన్ని ఇవ్వలేదనడం ఏమిటని కంపెనీ వాదించింది. 2015లో సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో ఆ వాదనను కొట్టివేసింది. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా ఉదారవాది అని పేరున్నవారు కారు, కోర్టులో గట్టి సంప్రదాయవాది. చట్టం మతాచారాల విషయంలో ఊరికే తటస్థంగా ఉండమని చెప్పడం లేదని, వాటికి ప్రత్యేకమైన మన్నన ఇవ్వమంటోందని ఆయన తేల్చి చెప్పారు. యజమానికి కచ్చితంగా తెలుసా, అనుమానమేనా అన్నది ముఖ్యం కాదని, సర్దుబాటు తప్పించుకోవాలన్న ఉద్దేశంతో ఉద్యోగం నిరాకరించడమే తప్పని అన్నారు. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా కుట్టు సెక్షన్. నేనూ ఆ అమ్మాయిని ఏమీ అడగలేదు, ఆమే నన్నేమీ అడగలేదు, ఇద్దరం అడగకుండానే అన్యాయం జరిగిపోయింది.

మనిషిని ఉద్యోగంలో ఉంచి కస్టమరు కంటికి కనిపించకుండా చేయడం అనే ఈ పద్ధతి మా కొట్టులో నేను కనిపెట్టింది కాదని కూడా అప్పుడే తెలిసింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో చెక్-ఇన్ సిబ్బందిలో ఒకరైన నదియా ఎవీదాను 2006లో మెడలో చిన్న సిలువ బయటకు కనిపించేలా వేసుకున్నందుకు ఇంటికి పంపేశారు, జీతం ఆపేశారు. అదే సంస్థలో సిక్కుల తలపాగాకు, ముస్లిం మహిళల హిజాబ్‌కు యూనిఫాం రంగులలో అనుమతి ఉండేది. సిలువ తీయనన్న ఆమెకు సంస్థ చూపిన మార్గం ఏమిటంటే, కస్టమర్లకు ఎదురుపడని ఆఫీసు పని. ఆమె ఒప్పుకోలేదు. విమర్శలు వచ్చాక 2007 ఫిబ్రవరిలో సంస్థ తన నియమం మార్చుకుంది, ఆమె పాత పనికి తిరిగొచ్చింది, కానీ పోగొట్టుకున్న నెలల కోసం పోరాడి 2013 జనవరిలో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టులో గెలిచింది. సంస్థ తన పేరు ప్రతిష్ఠలను కాపాడుకోవాలనుకోవడం న్యాయమేగానీ, అనుమతించిన తలపాగాల వల్లా హిజాబ్‌ల వల్లా ఆ పేరు చెడిందనడానికి ఆధారమేదీ లేదని కోర్టు అంది. ఈ ఒక్క వాక్యం మా యజమానులందరి చేతా చదివించాలని నా కోరిక, ఎందుకంటే మన దగ్గరా ఎవరూ లెక్క చూసి చెప్పరు, "కస్టమర్లు పోతారు" అని ముందే తీర్మానించేస్తారు. అయితే యూరప్ అంతా ఒకే మాట మీద లేదు. 2017లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, బెల్జియంలో జీ4ఎస్ సంస్థ రిసెప్షనిస్టు హిజాబ్ కేసులో, అన్ని మతచిహ్నాలనూ సమానంగా నిషేధించే నియమం కస్టమర్లకు ఎదురుపడే సిబ్బంది వరకు చెల్లవచ్చని, అయితే ఆమెను తొలగించే ముందు కస్టమర్లకు కనిపించని పని ఇవ్వగలిగేవారా అని చూడాలని అంది. నా దృష్టిలో అది మా పై అంతస్తు కుట్టు సెక్షనే, కాకపోతే కోర్టు భాషలో ఉంది. అందరికీ ఒకే నిషేధం అన్నది వినడానికి సమానంగా ఉన్నా, తలకు ఏమీ కట్టుకోని వాళ్ళు ఆ నియమం కోసం వదులుకునేది ఏమీ లేదు.

వేషం సంగతి ఇంతవరకు. సమయం సంగతి దీనికంటే కష్టం, రోస్టర్ వేసిన ప్రతి మనిషికీ ఆ సంగతి తెలుసు. బట్టల కొట్టుకు ఆదివారం అంటే వారంలో పెద్ద అమ్మకం. కోస్తాలో మా కొట్టు సిబ్బందిలో మంచి భాగం చర్చికి వెళ్ళే కుటుంబాల పిల్లలు. చట్టం ప్రకారం వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, ఇస్తాం, కానీ అది మంగళవారమో బుధవారమో అవుతుంది. సరిగ్గా ఇదే చిక్కు మీద అమెరికాలో గెరాల్డ్ గ్రాఫ్ అనే పోస్టు బట్వాడా ఉద్యోగి కేసు నడిచింది. పెన్సిల్వేనియాలో పని చేసే ఆయన ఆదివారం పని చేయకూడదని నమ్మే క్రైస్తవుడు. తపాలా శాఖ అమెజాన్ పార్సిళ్ళను ఆదివారాలు కూడా ఇవ్వడానికి ఒప్పుకోవడంతో ఆయనకు కష్టం మొదలైంది. ఆయన బదులు తోటివాళ్ళు, ఒక్కోసారి పోస్ట్‌మాస్టరే, బట్వాడాకు వెళ్ళవలసి వచ్చింది, చివరికి 2019లో ఆయన రాజీనామా చేశాడు. 1977 నాటి ఒక తీర్పు పుణ్యమా అని, నామమాత్రపు ఖర్చును మించి భారం పడితే చాలు యజమాని కాదనవచ్చని అప్పటిదాకా అక్కడి కోర్టులు అంటుండేవి. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ కొలతను మార్చింది. ఆ వ్యాపారం స్థాయిని బట్టి చూస్తే అదనపు ఖర్చు గణనీయంగా ఉంటేనే కాదనడానికి వీలుంటుందని చెప్పి, ఆయన విషయం తేల్చమని కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. తోటి సిబ్బందికి ఒక మతం మీద ఉన్న అయిష్టాన్నీ, అసలు ఇలాంటి సర్దుబాటే ఉండకూడదన్న అసహనాన్నీ భారం కింద జమ కట్టకూడదని కూడా అంది.

ఆ కొలతతో మా రోస్టర్‌ను చూసుకుంటే, ఆదివారాల చిక్కులో సగం మేమే తెచ్చిపెట్టుకున్నదని తేలింది. మా కస్టమర్లు ఆదివారం ఉదయం పదకొండున్నర దాకా పలచగానే వస్తారు, రద్దీ మొదలయ్యేది భోజనాల తరువాత. చర్చి ఆరాధనకు వెళ్ళే పిల్లలను పన్నెండింటికి రమ్మని, శనివారం రాత్రి స్టాకు సర్దే పని వాళ్ళకు ఇస్తే లెక్క సరిపోయింది. జుమ్మా నమాజుకు వెళ్ళే ఇద్దరు కుర్రాళ్ళకు శుక్రవారం భోజన విరామాన్ని ఒంటి గంట నుంచి మొదలయ్యేలా జరిపితే మరే మార్పూ అవసరం లేకపోయింది. రంజాన్ నెలలో రోజా ఉన్నవాళ్ళకు సాయంత్రం ఇఫ్తార్ వేళకు ఇరవై నిమిషాలు ఇచ్చి, మధ్యాహ్నపు భోజన విరామంలో అంత తగ్గించాను. 2025 రంజాన్‌లో తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ముస్లిం ఉద్యోగులు ఒక గంట ముందు ఇంటికి వెళ్ళేందుకు అనుమతించినప్పుడు, మరి మిగతావారి దీక్షలకూ ఉపవాసాలకూ ఎందుకు లేదని కొందరు విమర్శించారు. ఆ ప్రశ్నను నేను కొట్టిపారేయను. దానికి జవాబు ఆ గంటను తీసేయడం కాదు, నియమాన్ని మతం పేరు లేకుండా రాయడం: ఎవరి ఆచారానికి ఎంత సమయం కావాలో ముందే చెప్పాలి, ఆ సమయాన్ని తిరిగి పూడ్చాలి.

దీని మీద నాకు ఎదురైన అభ్యంతరాలలో బలమైనది యజమాని నుంచి కాదు, మా ఫ్లోర్ మీది ఒక అమ్మాయి నుంచి వచ్చింది. రెండేళ్ళ బిడ్డ ఉన్న తల్లి. "వాళ్ళు ప్రార్థనకని ఆదివారం పొద్దున రారు, నాకు దేవుడి పని ఏమీ లేదు కాబట్టి నేను రావాలి. నా బిడ్డకు మాత్రం ఆదివారం ఉండొద్దా మేడం?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర సరైన సమాధానం లేదు. ఆలోచించిన కొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, ఒకరి నమ్మకానికి చోటిచ్చే ఖర్చు సంస్థ భరించాలేగానీ పక్క కౌంటర్ మనిషి నెత్తిన వేయకూడదు. ఆదివారం ఉదయం వచ్చేవాళ్ళకు అదనపు బత్తా ఇప్పించాను, అది కావాలనుకుని ముందుకొచ్చిన వాళ్ళనే ఆ పూటకు వేశాను, ఆ తల్లికి నెలలో రెండు ఆదివారాలు సెలవు వచ్చేలా చూశాను. బత్తా పెద్ద మొత్తమేమీ కాదు, కానీ అది లేకపోతే ఈ సర్దుబాటు తోటివాళ్ళ మధ్య కక్షగా మారి ఉండేది. దసరాకు ముందు పది రోజులు మాత్రం నేను ఎవరికీ, ఏ కారణానికీ సెలవు ఇవ్వలేదు. ఆ పది రోజుల అమ్మకం పోతే ఏడాది జీతాలకే లోటు వస్తుంది, గణనీయమైన భారం అంటే అదీ.

ఇక హద్దు ఎక్కడ అన్న ప్రశ్న. మతవిశ్వాసం కారణంగా కస్టమరుకు సేవ ఆగిపోవచ్చా? ఒక మార్గశిరంలో మధ్యాహ్నం వేళ నలుగురు మా కొట్టుకు వచ్చారు, ముఖాలు చూస్తేనే ఇంట్లో చావు జరిగిందని తెలుస్తోంది. పెద్దకర్మకు పెట్టుబడి బట్టలు కావాలన్నారు. ఆ కౌంటర్లో ఉన్నది మాలలో ఉన్న కుర్రాడు. దీక్షలో ఉన్నవాళ్ళు మైల తగలకుండా చూసుకుంటారు కనుక, వాళ్ళ మాట వినగానే అతను రెండడుగులు వెనక్కి వేశాడు. వాళ్ళలో పెద్దావిడ అది గమనించి, తన కొంగు దగ్గరకు లాక్కుని, "అయ్యో, స్వామి ఉన్నాడు, మనం దూరంగా ఉందాం" అని పక్కకు జరిగింది. తల్లి పోయిందో భర్త పోయాడో తెలియదు, కొట్టుకు డబ్బిచ్చి కొనుక్కోవడానికి వచ్చిన మనిషి తప్పు చేసినట్టు ఒదిగి నిలబడింది. నేను పరుగున వెళ్ళి వాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పంచెలు చీరలు నేనే తీసి చూపించాను. ఆ కుర్రాడి నమ్మకాన్ని నేను తక్కువ చేయను, అతను మొరటుగా ప్రవర్తించలేదు కూడా. తప్పు నాదే, దీక్షలో ఉన్నవాణ్ణి పంచెల కౌంటర్లో ఒంటరిగా పెట్టడం. ఆ తరువాత ఏటా మాల వేసుకున్నవాళ్ళను ముందే అడిగి, పెళ్ళి పట్టు సెక్షన్‌కో బిల్లింగ్‌కో మార్చేదాన్ని. అలాంటి పరిస్థితి ఎదురైతే పక్కవాళ్ళు వెంటనే అందుకోవాలి, కస్టమరుకు ఆ మార్పిడి జరిగినట్టు కూడా తెలియకూడదు. పక్కన ఎవరూ లేకపోతే కౌంటర్లో ఉన్న మనిషే ఇవ్వాలి, అక్కడ మినహాయింపు లేదు. దీక్ష తీసుకునే ముందే ఈ మాట చెప్పేదాన్ని, ఒక్కరు కూడా కాదనలేదు.

నదియా ఎవీదా గెలిచిన తీర్పులోనే లండన్‌లోని ఇస్లింగ్టన్ రిజిస్ట్రారు లిలియన్ లాడెల్ ఓడిపోయింది. స్వలింగ జంటల భాగస్వామ్యాలను నమోదు చేయడం తన క్రైస్తవ విశ్వాసానికి విరుద్ధమని ఆమె అంది. మెడలో సిలువకు, ఎదుటి మనిషికి పని చేసి పెట్టననడానికి మధ్య కోర్టు గీత గీసింది, ఆ గీత సరైన చోటే పడిందని నేను నమ్ముతాను. 2019 ఆగస్టులో హౌరాలో జొమాటో డెలివరీ కుర్రాళ్ళు కొందరు గోమాంసం, పందిమాంసం ఉన్న ఆర్డర్లు తాము మోయలేమని ఆందోళన చేశారు, వాళ్ళ గొడవలో బత్యాల కోత కూడా కలిసి ఉంది. పొట్లం విప్పకుండా మోసుకెళ్ళే పనిలో ఏ వంటకం ఎవరి చేతికి వెళ్ళాలో ఏరడం సాధ్యం కాదన్న కంపెనీ మాటలో నిజం ఉంది. కానీ వంటగదిలో, కౌంటర్‌లో అలాంటి ఏరివేత చాలాసార్లు సాధ్యమే. మా అక్క కొడుకు టెక్సస్‌లో చదువుకుంటూ క్యాంపస్ ఫుడ్ కోర్టులో పనికి చేరినప్పుడు మొదటి రోజే బర్గర్ల దగ్గర నిలబెట్టారట. బీఫ్ ముట్టుకోలేనని మేనేజరుతో చెబితే, ఆమె ఏ మతం, ఎందుకు అని తరచి అడగకుండా అతణ్ణి పిజ్జాల వైపు మార్చిందట. ఈ సంగతి ఫోనులో చెప్పినప్పుడు ఇంట్లో అందరూ ఆ మేనేజరు మంచితనానికి మురిసిపోయారు. నేనూ మురిశాను, కానీ వన్‌టౌన్ నుంచి వచ్చిన ఆ అమ్మాయి మాత్రం ఆ రాత్రంతా నా మనసులో మెదులుతూనే ఉంది.

కస్టమరు ఇష్టాయిష్టాల మాట కూడా సూటిగా మాట్లాడుకోవాలి. 2019లోనే, డెలివరీ చేసేది హిందువు కాదన్న కారణంతో జబల్‌పూర్‌లో ఒక కస్టమరు ఆర్డరు రద్దు చేసుకుంటే, జొమాటో మనిషిని మార్చలేదు, డబ్బులూ తిరిగి ఇవ్వలేదు. ఆ ధైర్యం నాకు నచ్చింది. ఫ్రాన్స్‌లో ఒక ఇంజనీరు హిజాబ్ మీద క్లయింటు ఫిర్యాదు చేస్తే ఉద్యోగం తీసేసిన కేసులో, కస్టమరు కోరిక ఒక్కటే ఉద్యోగానికి అనివార్యమైన అర్హత కాజాలదని, నేను పైన తప్పుపట్టిన యూరోపియన్ యూనియన్ న్యాయస్థానమే 2017లో తేల్చింది. మా ఫ్లోర్ మీద కూడా ఒకసారి, బొట్టు లేని పిల్ల చేత పెళ్ళి చీర తీయించుకోవడం శుభం కాదని ఒకావిడ అన్నారు. అప్పటికి నేను మారాను. "ఈ అమ్మాయికి తెలిసినంత పట్టు మా కొట్టులో ఇంకెవరికీ తెలియదండీ, ఒక్క చీర చూడండి" అన్నాను. ఆవిడ అయిష్టంగానే కూర్చుని, రెండు చీరలు తీసుకుని వెళ్ళారు. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పలేను, కొందరు లేచి వెళ్ళిపోతారు. ఆ అమ్మకం పోవడానికి సంస్థ సిద్ధపడాలి. ఎందుకంటే, కస్టమరు అయిష్టాన్ని ఒకసారి నియమంగా ఒప్పుకుంటే, రేపు అదే కస్టమరు కులం అడుగుతారు.

మన రాజ్యాంగంలో ఒక విచిత్రం ఉంది. 15వ అధికరణం రెండో క్లాజు ప్రకారం మతం కారణంగా ఏ పౌరుణ్ణీ దుకాణంలోకి, హోటల్లోకి రానివ్వకుండా ఆపకూడదు. కౌంటర్‌కు ఇవతల నిలబడ్డ మనిషికి ఆ రక్ష ఉంది. కౌంటర్‌కు అవతల, అదే దుకాణంలో నెలజీతానికి పని చేసే మనిషికి లేదు. 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది, 25వ అధికరణం ఇచ్చిన మతస్వేచ్ఛను ప్రైవేటు యజమాని మీద నేరుగా అడిగే మార్గం లేదు, ప్రైవేటు ఉద్యోగాలలో మతవివక్షను నిషేధించే సమగ్రమైన చట్టం మనకు లేదు. సహేతుకమైన సర్దుబాటు అన్న ఊహ మాత్రం మన చట్టాలకు కొత్త కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దాన్ని నిర్వచించింది, ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలంది. ర్యాంపు కట్టడానికి ఒప్పుకున్న సంస్థ స్కార్ఫుకు ఒప్పుకోవడానికి చట్టం వచ్చేదాకా ఆగనవసరం లేదు.

ప్రస్తుతం నేను శిక్షణ ఇస్తున్న ఒక సంస్థలో ఇలాంటి కాగితం ఒకటి తయారు చేశాను, రెండే పేజీలు. బొట్టు, పూలు, గాజులు ఇష్టమైనవాళ్ళకే. ఉదయపు పూజ దగ్గర నిలబడటం ఎవరికీ తప్పనిసరి కాదు, ఆ సమయంలో కౌంటర్లు సర్దుకునే పని చేసుకోవచ్చు. మాల, రోజా, ఆరాధన, ఉపవాసం ఏదైనా పదిహేను రోజుల ముందు చెబితే రోస్టర్‌లో చోటు, పోయిన గంటలు అదే నెలలో పూడ్చాలి, బదులు వచ్చినవాళ్ళకు బత్తా. ఏ కస్టమరునూ ఎవరూ తిప్పి పంపకూడదు. తలకు స్కార్ఫు, తలపాగా యూనిఫాం రంగులో సంస్థే కుట్టించి ఇవ్వాలి, కట్టుకున్నవాళ్ళు అన్ని కౌంటర్లలోనూ నిలబడవచ్చు. యజమాని శ్రద్ధగా చదివారు. బొట్టు దగ్గర కాసేపు ఆగి, "నిజమేనమ్మా, బలవంతం ఎందుకు" అన్నారు. రోస్టర్, బత్తా ఒప్పుకున్నారు. ఆఖరి వాక్యం దగ్గరకు వచ్చేసరికి పెన్ను తీసి, 'అన్ని కౌంటర్లలోనూ' అన్న రెండు మాటలు కొట్టేసి, "ఇది తరువాత చూద్దాం" అని సంతకం పెట్టారు. మిగతా నియమాలన్నీ ఈ నెల నుంచి అమలవుతున్నాయి. ఆ రెండు మాటలు మళ్ళీ టైపు చేయించి ఉంచాను, ఆషాఢం సేల్‌కు కొత్త పిల్లలను తీసుకునే లోపే ఆయన టేబుల్ మీద పెడతాను.